సిస్టమ్ ఇంకో రెండేళ్లు లాగాలా, ఇప్పుడే కొత్తది కట్టించాలా?

ఉరవకొండ_గేమర్ (అనంతపురం) అడిగింది:

అన్నలందరికీ నమస్కారం. 2020 మొదట్లో కట్టించిన సిస్టమ్. ప్రాసెసర్ ఐ5-9400ఎఫ్, బోర్డు బీ365, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్ 6 జీబీ, ర్యామ్ 8+8 డీడీఆర్4, పవర్ సప్లై 450 వాట్లు. విండోస్ 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీలో ఉంది, గేమ్‌లన్నీ 1 టీబీ హార్డ్ డిస్క్‌లో. మానిటర్ 24 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. యూపీఎస్ 600 వీఏ.

ఆడేది సైబర్‌పంక్ 2077, కౌంటర్-స్ట్రైక్ 2, జీటీఏ 5. డూమ్: ది డార్క్ ఏజెస్ ఆడాలని ఉంది. చేతిలో 70 వేలు ఉన్నాయి, అంతకు మించి రాదు. అడిగిన చోటల్లా ఒక్కో మాట. ఒకరు నేరుగా ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కి పొమ్మంటారు, ఒకరు ర్యామ్ రేట్లు దిగేదాకా ఆగమంటారు, ఇంకొకరు జీటీఏ 6 వచ్చాక చూసుకోమంటారు. పైగా ఎండాకాలం మధ్యాహ్నం పూట గేమ్ ఇంకా ఎక్కువ తడబడుతుంది. సిస్టమ్ ముసలిదైపోయినట్టేనా?

తుంగభద్ర_తీరం (కర్నూలు):

ఎద్దుకైతే పళ్లు చూసి వయసు కడతారు, కంప్యూటరుకు ఆ లెక్క పనికిరాదు తమ్ముడూ. ఏ పార్టు దగ్గర బండి ఆగుతోందో ముందు తేల్చు. రూపాయి ఖర్చు లేకుండా ఒక సాయంత్రంలో తేలిపోయే పని.

ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకో, దాని వెంట వచ్చే రివాట్యూనర్ కూడా. మానిటరింగ్ ట్యాబ్‌లో జీపీయూ (అంటే గ్రాఫిక్స్ కార్డు) యూసేజ్, టెంపరేచర్, కోర్ క్లాక్, మెమరీ యూసేజ్ (ఇది కార్డు మీది మెమరీ), ర్యామ్ యూసేజ్, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టే సమయం) టిక్ పెట్టి స్క్రీన్ మీద కనపడేలా చెయ్. ఫ్రేమ్‌టైమ్ మాత్రం అంకెగా కాదు, గ్రాఫ్‌గా పెట్టు. సీపీయూ1 నుంచి సీపీయూ6 దాకా విడివిడిగా పెట్టు. మొత్తం సీపీయూ శాతం ఒక్కటే చూసుకుంటే మోసపోతావు: ఒక కోర్ 100లో ఇరుక్కుని మిగతావి సగం ఖాళీగా ఉన్నా అది 60 అనే చూపిస్తుంది.

వీసింక్ ఆపు, ఫ్రేమ్ లిమిట్ తీసెయ్. లేకపోతే 75 దగ్గర కట్టేసి ఉంటుంది, ఏ రీడింగూ నిజం చెప్పదు. జనం కిటకిటలాడే చోట పది నిమిషాలు తిరుగు. ఖాళీ రోడ్డు మీద కారు నడిపి తీసిన రీడింగ్‌తో లాభం లేదు.

జీపీయూ 97-99లో నిలబడితే అడ్డు కార్డు. జీపీయూ 60-70 మధ్య ఊగుతూ, కోర్లు 100 కొడుతుంటే అడ్డు ప్రాసెసర్. అనుమానంగా ఉంటే రిజల్యూషన్ 720పీకి దించు. ఫ్రేమ్‌లు పెరిగాయంటే కార్డు, పెరగలేదంటే ప్రాసెసర్.

ఇంకోటి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. సగటు బాగానే ఉంటుంది, కానీ కొత్త వీధిలోకి తిరిగిన ప్రతిసారీ ఫ్రేమ్‌టైమ్ గ్రాఫ్ 16-18 మిల్లీసెకన్ల నుంచి ఒక్కసారిగా 80, 100కు ఎగిరి పడుతుంది. నీ విషయంలో దానికి మొదటి అనుమానితుడు హార్డ్ డిస్క్. సైబర్‌పంక్‌కు 2023లో 2.0 అప్‌డేట్ నుంచి ఎస్ఎస్‌డీనే కనీస అవసరంగా పెట్టారు. ఎస్ఎస్‌డీలో వేరేవి తీసేసి ఆ ఒక్క గేమ్‌ను అందులోకి మార్చి మళ్లీ కొలువు.

ఎండ సంగతి. కూలర్ ఏదైనా గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు. గది 28 డిగ్రీలున్నప్పుడు కార్డు 70 చూపిస్తే, మే నెలలో గది 40 అయినప్పుడు 82 చూపిస్తుంది, దాదాపు డిగ్రీకి డిగ్రీ. వేడి పెరిగేకొద్దీ కార్డు క్లాక్ మెట్టుమెట్టుగా దించుకుంటుంది, 83 ప్రాంతానికి వస్తే గట్టిగానే దించుతుంది. కాబట్టి మధ్యాహ్నం తడబాటు ముసలితనం కాకపోవచ్చు. పక్క ప్యానెల్ తీసి అదే గేమ్ ఆడు. 8-10 డిగ్రీలు తగ్గితే తప్పు కార్డుది కాదు, క్యాబినెట్‌లో గాలి ఆడట్లేదు.

మీ పక్క ఆషాఢం గాలికి దుమ్ము ఎంత లేస్తుందో చెప్పక్కర్లేదు. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకో, వదిలేస్తే ఉండాల్సిన వేగానికి మించి తిరిగి బేరింగ్ పోతుంది. ఆరేళ్ల పేస్టు ఎండి పెచ్చు కట్టి ఉంటుంది. ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత చాలు. కార్డు చిప్‌కు మూత ఉండదు కాబట్టి దాని మీద చిప్ అంతా పలచగా పరచాలి. కార్డు విప్పినప్పుడు థర్మల్ ప్యాడ్లు చిరిగితే అదే మందం ప్యాడ్ తెచ్చి వెయ్యాలి. 1 మిల్లీమీటరు ఉన్నచోట 1.5 పెడితే హీట్‌సింక్ చిప్‌కు సరిగ్గా ఆనదు, ముందుకంటే వేడెక్కుతుంది.

ఇవన్నీ అయ్యాక అంకెలు ఇక్కడ పెట్టు.

ఉరవకొండ_గేమర్:

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. రెండుసార్లు కొలిచాను.

సైబర్‌పంక్, మీడియం సెట్టింగ్: సగటు సెకనుకు 52 ఫ్రేమ్‌లు. జీపీయూ 98, కార్డు మెమరీ 5.6 జీబీ, కోర్లు 80-90. గేమ్ హార్డ్ డిస్క్‌లో ఉన్నప్పుడు గ్రాఫ్ 90 దాకా ఎగిరింది, ఎస్ఎస్‌డీకి మార్చాక ఎగరడం దాదాపు ఆగింది. సగటు మాత్రం అంతే.

కౌంటర్-స్ట్రైక్ 2, లో: సగటు 140, కనిష్ఠ 1 శాతం (అన్నిటికంటే నిదానమైన 1 శాతం ఫ్రేమ్‌ల లెక్క) 62. జీపీయూ 70, కోర్లు ఆరూ 95 పైన.

దుమ్ము దులిపి పేస్టు మార్చాక కార్డు 84 నుంచి 76కు దిగింది. డూమ్ అసలు తెరుచుకోలేదు, కార్డు సరిపోదని మెసేజ్. ర్యామ్ స్టిక్కర్ మీద 3200 అని ఉంది, కానీ సీపీయూ-జెడ్‌లో 1333 చూపిస్తోంది. ర్యామ్ పాడైందా?

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

ర్యామ్ బాగుంది. డీడీఆర్ కాబట్టి 1333ను రెండింతలు చెయ్, 2666. నీ ప్రాసెసర్, బీ365 బోర్డు కలిసి అంతకు మించి పోనివ్వవు. ఆ స్టిక్కులు 3200వి కావడం నీకు కలిసొచ్చే విషయం, కింద చెప్తా.

డూమ్ తెరుచుకోకపోవడానికి కారణం వేగం కాదు. ఆ గేమ్‌కు రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ కూడా అంతే. 1660 సూపర్‌లో ఆ కోర్లు లేవు. సెట్టింగులు ఎంత దించినా ప్రయోజనం లేదు. 52 ఫ్రేమ్‌లతో సర్దుకుపోవచ్చు, తలుపే తీయని గేమ్‌తో ఏం సర్దుకుంటావు? కాబట్టి కార్డు మార్చే వేళ వచ్చింది, అందులో చర్చ లేదు. మిగతా సిస్టమ్‌కు వచ్చిందా అన్నదే ప్రశ్న.

ఏఎం5 మాట ముందు తేల్చేద్దాం. వేదిక మంచిదే. 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ చెప్పింది. కానీ దానికి డీడీఆర్5 మాత్రమే పడుతుంది, నీ స్టిక్కులు పనికిరావు. 2025 చివరికి డీడీఆర్5 రేటు ఏడాది నడిమిలో ఉన్నదానికి మూడింతలు దాటింది. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ ఏఐ డేటా సెంటర్లకు పోయే మెమరీ వైపు ఉత్పత్తి మళ్లించారు. మైక్రాన్ అయితే డిసెంబరులో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఇది దసరా సేల్‌కో దీపావళి సేల్‌కో దిగే రకం రేటు కాదు. 70 వేలలో 32 జీబీ డీడీఆర్5 కొన్నావంటే కార్డుకు మిగిలేది చిల్లరే.

జీటీఏ 6 కోసం ఆగడం దండగ. 2026 నవంబరు 19 అని ప్రకటించింది కన్సోళ్లకు, పీసీకి తేదీ చెప్పలేదు. జీటీఏ 5 కన్సోళ్లకు 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి 2015 ఏప్రిల్‌లో వచ్చింది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కు ఏడాది పట్టింది. రాని పెళ్లికి ఇప్పుడే పందిరి వేసుకున్నట్టు ఉంటుంది.

ఇక కార్డు. నీ బోర్డు పీసీఐఈ (కార్డు గుచ్చే స్లాటు) 3.0, ఇక్కడే జనం బోల్తా పడేది. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ రెండూ ఎనిమిది లేన్ల (డేటా పోయే దారుల) కార్డులు. 5.0 బోర్డులో, 4.0 బోర్డులో ఎనిమిది లేన్లు చాలు. 3.0లో దారి బాగా ఇరుకైపోతుంది. కార్డు మెమరీ ఖాళీ ఉన్నంతసేపు తేడా పెద్దగా తెలీదు. 8 జీబీ నిండి, మిగిలిన టెక్స్‌చర్లను మెయిన్ ర్యామ్ నుంచి లాక్కోవాల్సి వచ్చినప్పుడు ఫ్రేమ్‌లు కుప్పకూలతాయి. అంటే 3.0 బోర్డులో 8 జీబీ, ఎనిమిది లేన్లు, ఈ రెండూ కలిసిన కార్డు వద్దు.

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ పదహారు లేన్ల కార్డు. 160 వాట్లు, ఎక్కువ మోడళ్లకు 8 పిన్ కనెక్టరు ఒకటే. నీ బోర్డుకు ఇదే సరైన జోడీ. అదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, డబ్బా మీద 16 అని చూసి తీసుకో. ఆర్క్ బీ580 ధర చూసి ఆశపడొద్దు. దానికి రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తం ప్రాసెసర్‌కు ఒకేసారి అందేలా చేసే సెట్టింగ్) లేకపోతే బలం బాగా తగ్గుతుంది, నీదానిలాంటి ఆరు థ్రెడ్ల (ఒకేసారి ఆరు పనులు నడిపే) ప్రాసెసర్ మీద దాని డ్రైవర్ భారం కూడా ఎక్కువ.

5070 లాంటి పెద్ద కార్డు మీద మోజు వద్దు. 1080పీ, 75 హెర్ట్జ్ మానిటర్ ముందు దాన్ని పెట్టడం గూట్లో దీపం చాలే చోట పెట్రోమాక్స్ లైటు వెలిగించినట్టు.

నా లెక్క: ఇప్పుడు కార్డు, పవర్ సప్లై, 1 టీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన ఎస్ఎస్‌డీ). దానికి బీ365 బోర్డులో ఎం.2 స్లాటు ఉంటుంది, చూసుకో. ప్రాసెసర్, బోర్డు తర్వాత.

గండికోట_42డిగ్రీలు (కడప):

బురుజన్న చెప్పిన కార్డు సరే. ప్రాసెసర్‌ను పక్కన పెట్టమనడం మాత్రం నాకు ఒప్పదు. కౌంటర్-స్ట్రైక్‌లో సగటు 140 ఉండి కనిష్ఠం 62 అంటే ఆరు థ్రెడ్లకూ ఊపిరాడట్లేదని అర్థం. కొత్త కార్డు పెట్టినా ఆ 62 అట్లే ఉంటుంది. సైబర్‌పంక్‌లో కూడా కోర్లు ఇప్పటికే 80-90. కార్డు రెండింతలైతే అడ్డు ప్రాసెసర్ మీదికి జరుగుతుంది, అంతే.

అదే బోర్డులో వాడేసిన ఐ7-9700 వేసుకోమని ఎవరైనా చెప్తే వినొద్దప్పా. ఎనిమిది కోర్లు, ఎనిమిదే థ్రెడ్లు. దానికి పెట్టే డబ్బుకు ఇంకాస్త కలిపితే ఐ5-12400ఎఫ్ వస్తుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, ఒక్కో కోర్ కూడా బాగా వేగం. బోర్డు బీ660 గానీ బీ760 గానీ, డీడీఆర్4 మోడల్ అడుగు. ఒకే పేరుతో డీడీఆర్4, డీడీఆర్5 బోర్డులు రెండూ ఉండాయి, పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉండాదా చూడు. రెండింటి స్లాట్లూ వేరు, తప్పు తెస్తే స్టిక్కు దిగదు.

నీ 3200 స్టిక్కులకు అప్పుడు విలువొస్తుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను స్టిక్కర్ మీది వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తే 3200లో, గేర్ 1లో (మెమరీ కంట్రోలర్ కూడా ర్యామ్ వేగంతోనే) నడుస్తాయి. ఎక్స్‌ఎంపీ మర్చిపోతే 2133 లేదా 2666లోనే పడి ఉంటాయి, కొత్త ప్రాసెసర్ ఏం లాభం అని తిట్టుకుంటావు. 16 జీబీ ప్రస్తుతానికి చాలు. ఇంకో 16 వాడేసింది దొరికితే మెమ్‌టెస్ట్86 నాలుగు పాస్‌లు నడిపించి, ఒక్క ఎర్రర్ కూడా రాకపోతేనే ఉంచుకో.

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో రైజెన్ 5 5600 కూడా ఇంచుమించు ఇదే వేగం, ఏది చౌకైతే అది. కానీ 5500 తెచ్చుకోవద్దు. పేరులో వందే తేడా, లోపల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) సగం, పీసీఐఈ మళ్లీ 3.0.

ఆ సాకెట్‌కు ముందు దారి లేదు అంటారు. లేకపోతే ఏం? డీడీఆర్5 కిందికి దిగేదాకా నడిచే బండి చాలు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

మాట నిజమే, డబ్బు లెక్క చూడు గండికోటా. కార్డుకు 38 దాకా, ప్రాసెసర్, బోర్డు కలిపి 20 దాకా, సప్లైకి 5, ఎన్‌వీఎంఈ, యూపీఎస్. 70 దాటుతుంది. ఏదో ఒకటి ఆపాలి. అతని మానిటర్ 75 హెర్ట్జ్, కనిష్ఠం 62 అంటే ఆ తెర మీద పెద్దగా కనపడదు. సైబర్‌పంక్‌లో ప్రాసెసర్ అడ్డొచ్చినా 60 పైనే ఉంటుంది. అందుకే పదహారు లేన్ల కార్డు చెప్పింది: పాత బోర్డులో ఇప్పుడు నష్టం లేదు, రేపు 12400ఎఫ్‌కు మారినా అదే కార్డు పోతుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొన్న రోజు ప్రాసెసర్ సంగతి చూసుకోవచ్చు.

గండికోట_42డిగ్రీలు (కడప):

మానిటర్ మాట ఒప్పుకుంటా. అయితే ఆపాల్సింది కరెంటు వైపు మాత్రం కాదు. మన జిల్లాల్లో సగం కార్డులు కరెంటుకే బలి.

పవర్ సప్లై పక్కనున్న స్టిక్కర్ చదువు. 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉండాయో చూసి 12తో గుణించు. మంచి 450లో 400 పైన వస్తుంది. నాసిరకంలో పైన 450 అని రాసి 12 వోల్టుల మీద 300 కూడా ఇవ్వరు. ఏది ఎట్లున్నా ఆరు ఎండాకాలాలు చూసిన సప్లై మీద కొత్త కార్డు పెట్టొద్దు. లోపలి కెపాసిటర్లు వేడికి ఏటా కొంత ఎండిపోతాయి. కార్డు 160 అని రాసి ఉన్నా మిల్లీసెకన్ల లెక్కన అంతకు పైకి గుంజుతుంది, అప్పుడు గేమ్ మధ్యలో ఠక్కున రీస్టార్ట్ అవుతుంది. 550 వాట్లు, 80 ప్లస్ బ్రాంజ్, అయిదేళ్ల వారంటీ ఉండేది తీసుకో. ఇన్‌పుట్ 100-240 అని రాసుంటే ఇంకా మేలు. 200-240 అని ఉండేవి సాయంత్రం లో వోల్టేజీకి ఆగిపోతాయి.

600 వీఏ యూపీఎస్ అంటే నికరంగా 360 వాట్లు. కొత్త కార్డు, ప్రాసెసర్, మానిటర్ కలిపి గేమ్‌లో 300 చుట్టుపక్కల లాగుతాయి. కరెంటు పోయిన క్షణంలో పాత బ్యాటరీతో అది మోయలేదు, యూపీఎస్ కూతపెట్టి తనే ఆగిపోతుంది. 1000-1100 వీఏది, ఏవీఆర్ (వోల్టేజీ సరిచేసే ఏర్పాటు) ఉండేది కావాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి దాని మీదే నడపాలంటే ప్యూర్ సైన్‌వేవ్ అయ్యుండాలి, వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. పవర్ సప్లై నిండు లోడు మీద కరెంటు లేకుండా నిలబడేది 16-17 మిల్లీసెకన్లే. మామూలు ఇన్వర్టర్ మోడ్ అంతకంటే నిదానంగా మారుతుంది.

ఇంకోటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. క్యాబినెట్ ఇనుము మీద చెయ్యి పెడితే జివ్వుమంటోందా? అంటే ఎర్త్ లేదు. మల్టీమీటర్ ఏసీలో పెట్టి ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్ రెండూ చూడు, రెండూ 230 దగ్గర ఉండాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్-ఎర్త్ 120, 150 అని ఊగుతుంటే ఎర్త్ తీగ తెగిందో, గుంత ఎండిందో. అనంతపురం నేల ఎండాకాలంలో రాయి మాదిరి అవుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతలో వారానికి రెండు బిందెల నీళ్లు పొయ్యాలి. మీటర్ పని తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలువు, సొంతంగా వేళ్లు పెట్టొద్దు.

మిద్దె_మీద_మౌస్ (కడప):

మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. ఐ5-7500, జీటీఎక్స్ 1060, 8 జీబీ ర్యామ్. నేను కూడా కార్డు ఒక్కటే మార్చితే సరిపోతుందా?

తుంగభద్ర_తీరం (కర్నూలు):

నీది వేరే కథ. నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, 11కు ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారికంగా తీసుకుంటారు, నీది 7. 1060 తరానికి ఎన్‌విడియా గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపి, ఇకపై భద్రతా అప్‌డేట్లే ఇస్తోంది. ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు మారాలి, 8 జీబీ చాలదు కాబట్టి ర్యామ్ కొనాలి, కార్డు ఎలాగూ మారాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ మారాల్సి వచ్చిందంటే అదే కొత్తది కట్టించే వేళ. విడివిడిగా ఏదీ కొనకు. క్యాబినెట్, హార్డ్ డిస్క్ మాత్రం ఉంచుకో. 8 జీబీ రెండు స్టిక్కులైతే అమ్ముకో, ఒకటే అయితే 12400ఎఫ్ బోర్డులో దానికి జత వెయ్.

మట్టి మిద్దె ఇల్లయితే క్యాబినెట్ పైకప్పుకు జల్లెడలా రంధ్రాలున్నది కొనకు. మిద్దె మన్ను నేరుగా కార్డు మీద రాలుతుంది. ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి, పైన మూత.

ఉరవకొండ_గేమర్:

అర్థమైంది అన్నా. కార్డు 9060 ఎక్స్‌టీ 16 జీబీ, 550 వాట్ల సప్లై, ఎన్‌వీఎంఈ, 1100 వీఏ యూపీఎస్. మిగిలింది దాచిపెట్టి తర్వాత 12400ఎఫ్. బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయి తెచ్చుకోవాలా, ఆన్‌లైన్‌లోనా? కార్డు పెట్టేముందు చెయ్యాల్సింది ఏమైనా ఉందా? నా విండోస్ 10 ఇంకా పాత లెగసీ మోడ్‌లోనే ఉంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

ఎస్పీ రోడ్డయినా, మా వైపు వాళ్లు పోయే సికింద్రాబాద్ సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) అయినా రేటు ఆన్‌లైన్‌తో పోల్చి, బస్సు చార్జీలు కలిపి చూసుకో. లాభం ఎక్కడంటే వెంటనే మార్చిచ్చే అవకాశం. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు, వారంటీకి ఆ బిల్లే ఆధారం. డబ్బా మీది సీరియల్, కార్డు మీది సీరియల్, బిల్లులో రాసింది మూడూ కౌంటర్ దగ్గరే చదివి సరిచూడు. ఆన్‌లైన్ అయితే సీల్ కోసే ముందు నుంచి ఆపకుండా వీడియో తియ్. రేపు ప్రాసెసర్, బోర్డు బిగించి మొత్తం క్యాబినెట్‌గా తెచ్చుకునేటట్టయితే కార్డు, పెద్ద టవర్ కూలర్ విప్పి చేతి సంచిలో పెట్టుకో. బస్సు డిక్కీలో గుంతలకు ఊగి కార్డు తన బరువుకే స్లాటు విరగ్గొడుతుంది.

కార్డు పెట్టేముందు పని ఉంది, ఇదే క్రమంలో చెయ్.

ముందు ముఖ్యమైన ఫైళ్లు హార్డ్ డిస్క్‌లోకి కాపీ. తర్వాత అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంబీఆర్2జీపీటీ (డిస్కును యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతికి సరిపడేలా మార్చేది) టూల్‌ను మొదట వాలిడేట్‌తో నడుపు. బాగుందంటేనే కన్వర్ట్. విండోస్ డిస్కులో ప్రైమరీ పార్టిషన్లు మూడు మించితే అది ఒప్పుకోదు, అదనపుది తీసెయ్యాలి. కన్వర్ట్ అయ్యాక రీస్టార్ట్ చేసి నేరుగా బయోస్‌లోకి పో. సీఎస్ఎం (పాత లెగసీ బూట్‌కు వీలిచ్చే సెట్టింగ్) ఆపు, బూట్ మోడ్ యూఈఎఫ్ఐకి మార్చు. ఈ రెండో పని మర్చిపోతే విండోస్ లేవదు, డిస్కు పోయిందని కంగారు పడతావు. అక్కడే ఇంటెల్ పీటీటీ ఆన్ చెయ్, విండోస్ 11కు కావాల్సిన టీపీఎం (భద్రతా చిప్) అదే. నీ 9400ఎఫ్ 11 జాబితాలో ఉంది. సెక్యూర్ బూట్ కూడా ఆన్ చెయ్.

ఇదంతా పాత కార్డు ఉండగానే చెయ్యాలి. 9400ఎఫ్‌లో చివరి ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదని. సీఎస్ఎం ఆన్‌లోనే ఉంచి కొత్త కార్డు పెట్టి నల్ల తెర వస్తే, బోర్డు వెనక హెచ్‌డీఎంఐకి తీగ పెట్టినా ఏమీ రాదు.

బోర్డు కంపెనీ సైట్‌లో చివరి బయోస్ తెచ్చి వెయ్, కొన్ని 300 వరస బోర్డులకు అందులో రీసైజబుల్ బార్ ఇచ్చారు. వస్తే అబోవ్ 4జీ డీకోడింగ్‌తో పాటు ఆన్ చెయ్, రాకపోతే వదిలెయ్. బయోస్ వేసేది యూపీఎస్ మీద ఉన్నప్పుడే.

చివర డీడీయూ (పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసే టూల్). నెట్ తీగ పీకి, సేఫ్ మోడ్‌లో పాత ఎన్‌విడియా డ్రైవర్ కడిగి, షట్‌డౌన్ చేసి కార్డు మార్చు. నెట్ పీకకపోతే విండోస్ మధ్యలో దూరి తన డ్రైవర్ వేసేస్తుంది.

ఉరవకొండ_గేమర్:

ఒక్క చివరి ప్రశ్న. కొత్త సప్లై మాడ్యులర్ అంట. పాత సప్లై కూడా సెమీ మాడ్యులరే, దాని సాటా, 8 పిన్ తీగలు క్యాబినెట్ వెనక నీటుగా కట్టి ఉన్నాయి. సప్లై డబ్బా మాత్రం మార్చి ఆ తీగలే గుచ్చుకోవచ్చా?

గండికోట_42డిగ్రీలు (కడప):

వద్దు, వద్దే వద్దు. కార్డు వైపు, డిస్కు వైపు ఉండే కొస అందరికీ ఒకటే. సప్లై వైపు కొసలో ఏ పిన్నుకు ఎన్ని వోల్టులో ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, ఒకే కంపెనీలో కూడా మోడల్‌కు మోడల్ మారుతుంది. కొస చక్కగా దిగుతుంది, 5 వోల్టులు పోవాల్సిన చోట 12 పోతుంది, హార్డ్ డిస్క్ నుంచి పొగ వస్తుంది. కట్లు కత్తిరించి, పాత తీగలన్నీ బయటికి తీసి పాత సప్లై డబ్బాలోనే పెట్టి కట్టెయ్. కొత్తవి మళ్లీ మొదటి నుంచి లాగు, గంట పని.